దారిలో దొరికిన సాక్ష్యము

యానామునుండి తాళ్ళరేవు మీదుగా కాకినాడ వచ్చు రోడ్డుపై తిరుగువారికి ఈ దృశ్యము క్రొత్త కాదు. రోడ్డున కడ్డముగా రెండు ఇనుప కంచెలు, ప్రక్కన ఒక జీపు, నలుగురైదుగురు ఉద్యోగులు. చేయి చాచినంతనే బండి ఆగవలెను. యానాము పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములో చేరినది. అచ్చటి పన్ను వేరు, మద్యము వెల వేరు. కావున అటనుండి వచ్చు స్కూటరు డిక్కీని తెరిపించుట, సంచిని విప్పించుట ఈ ప్రాంతమువారికి అలవాటైన వ్యవహారము.

ఉత్తరపు దిక్కున సంగతి ఇంతకంటె పెద్దది. చింతపల్లి మన్యమునుండి నర్సీపట్నము మీదుగా తునివద్ద జాతీయ రహదారిని కలియు దారియు, మారేడుమిల్లి, రంపచోడవరము, గోకవరముల మీదుగా రాజమహేంద్రవరము చేరు దారియు గంజాయి రవాణాకు పేరుపడినవి. 2024లో రాష్ట్రప్రభుత్వము దీని నరికట్టుటకే ఈగల్ అను ప్రత్యేకదళమును నెలకొల్పినది. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ప్రకారము 20 కిలోలకు మించిన గంజాయి వాణిజ్య పరిమాణము. దానికి శిక్ష 10 సంవత్సరములకు తగ్గని, 20 సంవత్సరముల దాక పోగల కఠిన కారాగారము. జరిమానా లక్ష రూపాయలకు తగ్గదు. నేరము రుజువు కాకముందు బెయిలు దొరకుట కూడ మిక్కిలి కష్టము.

ఇక ప్రశ్న. ఒక యువకుడు మోటారుసైకిలుపై వచ్చుచున్నాడనుకొందము. అతనిపై ఏ సమాచారమును లేదు. ఏ తప్పును చేయలేదు. ఒక కానిస్టేబులు ఊరక ఆపినాడు, అడుగకయే సంచి విప్పినాడు, చట్టము చెప్పిన పద్ధతులలో ఒక్కటియు పాటింపలేదు. సంచిలో గంజాయి కనబడినది. ఆపుట అక్రమము, విప్పుట అక్రమము, కాని దొరికినది మాత్రము నిజము. దానిని న్యాయస్థానము చూడవచ్చునా? లేక కన్నులు మూసికొనవలెనా?

దొరికితే దొంగ, దొరకకపోతే దొర అని మనలో ఒక సామెత కలదు. సామాన్యజనుని తీర్పు అంతటితో ముగియును. న్యాయశాస్త్రము మాత్రము ఎట్లు దొరికినాడని మరియొక ప్రశ్న వేయుచున్నది. ఆ ప్రశ్నకు దేశదేశముల న్యాయమూర్తులు ఇచ్చిన సమాధానములు ఒక్క తీరుగా లేవు.

ముందుగా ఒక భ్రమను తొలగించుకొనవలెను. బండి కాగితములు చూచు అధికారము వేరు, సంచి విప్పు అధికారము వేరు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 130వ సెక్షను ప్రకారము యూనిఫారములో నున్న ఏ పోలీసు ఉద్యోగి యడిగినను బహిరంగ స్థలములో బండి నడుపువాడు లైసెన్సు చూపవలసినదే. త్రాగి నడుపుచున్నాడని అనుమానము కలిగినచో ఊపిరి పరీక్ష చేయవచ్చును. అంతమాత్రమున డిక్కీ తెరచి, జేబులు తడిమి, టెలిఫోనులో ఉత్తరములు చదువు హక్కు సంక్రమింపదు. సోదాకు వేరు నియమములున్నవి. వారంటు లేకుండ సోదా చేయదలచిన దర్యాప్తు అధికారి తన నమ్మకమునకు గల కారణములను వ్రాసి పెట్టవలెను. ఆ ప్రాంతపు పెద్దమనుష్యులను ఇద్దరినైనను పిలిచి వారి యెదుట వెదకవలెను. దొరికిన వస్తువులకు జాబితా వ్రాసి సంతకములు తీసికొనవలెను. మనవైపు దీనినే మధ్యవర్తుల రిపోర్టు అందురు. 1984లో కరణము, మునసబు ఉద్యోగములు రద్దు కాకముందు ఈ మధ్యవర్తులు తరచుగా వారే. ఇప్పుడు గ్రామ రెవెన్యూ అధికారులు వచ్చుచున్నారు. రాత్రి రెండుగంటలకు జాతీయ రహదారిపై పెద్దమనుష్యు లెచ్చట దొరకుదురని పోలీసువారు అడుగుదురు. అది న్యాయమైన ప్రశ్నయే. అందువలన వెంట తెచ్చుకొన్న మధ్యవర్తులే ఊరూర సంతకములు చేయుచుందురన్నది డిఫెన్సు వకీళ్ళ పాత ఫిర్యాదు. దానిలోను నిజము లేకపోలేదు.

చట్టము మీరిన సోదాలో దొరికిన వస్తువును గూర్చి ఆంగ్లేయుల న్యాయమునకు తొలినుండియు పట్టింపు లేదు. సాక్ష్యమును దొంగిలించి తెచ్చినను అది వ్యవహారమునకు సంబంధించినదైనచో చూడవచ్చునను భావమును 1861లోనే ఒక ఆంగ్ల న్యాయమూర్తి వెలిబుచ్చినాడు. ఆ సూత్రమునకు పెద్ద పరీక్ష రోడ్డుమీదనే వచ్చినది. ఆ రోడ్డు ఆఫ్రికాలోని కెన్యా దేశమందున్నది.

1950వ దశకపు తొలి సంవత్సరములలో కెన్యాలో బ్రిటిషు ప్రభుత్వము అత్యవసర పరిస్థితిని ప్రకటించి యుండెను. కురుమ అను నాతడు సైకిలుపై తన ఊరి దిక్కునకు పోవుచు, పోలీసువారు అడ్డుకట్టిన చోట ఆగినాడు. అక్కడి నిబంధనల ప్రకారము అసిస్టెంటు ఇన్‌స్పెక్టరుకు తక్కువ కాని అధికారి మాత్రమే అట్టి సోదా చేయవలెను. సోదా చేసినవారికి ఆ హోదా లేదు. అతనివద్ద రెండు తూటాలును, ఒక జేబుకత్తియు దొరికినవని వారు సాక్ష్యము చెప్పిరి. ఆ రెండు తూటాలకు శిక్ష మరణము. అప్పీలు లండనులోని ప్రీవీ కౌన్సిలు దాక పోయెను. 1955 నాటి లా రిపోర్టులలో ఆ తీర్పు ప్రకటితమైనది. లార్డు గాడర్డు తేల్చినది ఇది: సాక్ష్యము ప్రస్తుత విషయమునకు సంబంధించినదా, కాదా అనునదే న్యాయస్థానము చూడవలసినది, అది ఎట్లు సేకరింపబడినదో కాదు. అప్పీలు కొట్టివేయబడినది.

ఆ తీర్పును చదువునప్పుడు సూత్రముకంటె వివరములు మమ్ము ఎక్కువగా వెంటాడును. జేబుకత్తిని కోర్టునకు తేలేదు. సోదా సమయమున అచ్చట నున్న మరి కొందరిని సాక్షులుగా పిలువలేదు. ఆ దారిలో అడ్డుకట్ట యున్నదని కురుమకు తెలియునట. వేరొక దారియు కలదట. ప్రాణము తీయగల తూటాలు తనవద్ద నుంచుకొని ఎవడైనను తెలిసి తెలిసి పోలీసు అడ్డుకట్టకు సైకిలు తొక్కుకొని పోవునా? ఈ ప్రశ్నను మనసులో పెట్టుకొనుడు. మరల దానికి వత్తుము.

స్వతంత్ర భారతదేశము 1872 నాటి సాక్ష్యచట్టమునే కొనసాగించినది. అందులో బండి నాపుటను గూర్చి గాని, అక్రమ సోదాలో దొరికినదానిని త్రోసివేయుటను గూర్చి గాని ఒక్క మాటయు లేదు. 1963లో ప్రకటితమైన రాధాకిషన్ అను పోస్టుమాను వ్యాజ్యములో సుప్రీముకోర్టు మధ్యేమార్గమువంటి మాట చెప్పినది. సోదా నియమవిరుద్ధమైనచో ఇంటివాడు దాని నడ్డగింపవచ్చును, కోర్టువారును ఆ సాక్ష్యమును ఎక్కువ జాగరూకతతో పరిశీలింపవచ్చును, కాని వస్తువును పట్టుకొనుట మాత్రము అంతటితో చెడిపోదు. అడ్డగించు హక్కు కాగితముపై బాగుగనే యున్నది. రాత్రివేళ లాఠీ యెదుట దాని నుపయోగించుకొన్నవానిని గూర్చి మేము వినలేదు.

తరువాత 1973 డిసెంబరులో పూరన్‌మల్ వ్యాజ్యము వచ్చినది. ఆదాయపు పన్నువారి సోదాలలో దొరికిన పత్రములను గూర్చిన తగవు అది. అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము, సోదా అక్రమమే అనుకొన్నను పత్రములు సంబంధించినవైనచో చూడవచ్చునని తేల్చినది. రాజ్యాంగములో గాని శాసనములో గాని స్పష్టమైన నిషేధముంటే తప్ప సాక్ష్యమును వెలివేయరాదన్నది ఆ తీర్పు సారము. నేటికిని మన కోర్టులలో ఇదియే మూలసూత్రము. మన రాష్ట్రమునుండి వెళ్ళిన ఉమేష్‌కుమార్ వ్యాజ్యములో 2013లోను సుప్రీముకోర్టు ఈ బాటనే నడచినది.

సముద్రమున కావలి ఒడ్డున అమెరికావారు దీనికి పూర్తిగా ఎదురుదిక్కుగా పోయిరి. 1914లో కేంద్ర ప్రభుత్వపు ఉద్యోగులకును, 1961లో మాప్ అను స్త్రీ వ్యాజ్యముతో రాష్ట్రముల పోలీసులకును ఒకటే నియమము విధించిరి: అక్రమముగా వెదకి తెచ్చినది కోర్టులోనికి రాదు. పోలీసువాడు పొరపడినందుకు నేరస్థుడు తప్పించుకొనుట ఎక్కడి న్యాయమని 1926లోనే కార్డోజో అను ప్రసిద్ధ న్యాయమూర్తి ఆక్షేపించినాడు. ఆ ఆక్షేపణకు తిరుగులేని జవాబు నేటికిని ఎవరును చెప్పలేదని మా అభిప్రాయము. అయినను నియమము నిలిచినది.

రోడ్డుకు సంబంధించి వారి తీర్పులు మూడు చెప్పదగినవి. డెలవేరు రాష్ట్రములో ఒక గస్తీ పోలీసు, వేరే పనిలేక, కాగితములు చూతమని ఒక కారు నాపినాడు. దగ్గరకు పోగానే గంజాయి వాసన కొట్టినది, కారులో సరకును కనబడినది. 1979లో సుప్రీముకోర్టు దానిని కొట్టివేసినది. ఏ అనుమానమును లేక వందలాది బండ్లలో ఒక్కదానిని ఏరి ఆపుట తన చిత్తమువచ్చినట్లు చేయుట యనియు, వచ్చిన బండ్లనన్నిటిని వరుసగా ఆపి యడిగిన అది వేరు సంగతి యనియు చెప్పినది. ఈ భేదము మాకు మిక్కిలి నచ్చినది. తుని దగ్గర వచ్చు ప్రతి బండిని ఆపినచో ఎవరికిని అవమానము లేదు. చొక్కా చూచి, మొగము చూచి, భాష విని ఆపినచో ఉన్నది.

పిమ్మట వారి పట్టు సడలినది. ఉత్తర కరోలినాలో వెనుక దీపము ఒకటి వెలుగలేదని కారు నాపి మత్తుమందు పట్టుకొనిరి. తీరా చూడగా ఆ రాష్ట్రపు చట్టమునకు ఒక్క దీపము చాలును! పోలీసువాడు పొరపడినను ఆ పొరపాటు సహేతుకమేనని 2014లో కోర్టు సాక్ష్యమును నిలిపినది. 2016లో యూటా రాష్ట్రపు వ్యాజ్యములో, ఆపుట అక్రమమైనను ఆపిన తరువాత అతనిపై పాత వారంటు ఉన్నట్లు తెలిసినది గనుక తరువాతి సోదా చెల్లునన్నారు. న్యాయమూర్తి సోనియా సొటొమయోరు గట్టిగా విభేదించినది. మన పిల్లలు ఎందరో ఆ రాష్ట్రములలో కార్లు నడుపుచున్నారు. వారికిని ఈ సంగతులు తెలిసియుండుట మంచిది.

ఇప్పుడు మన రోడ్డుకు వత్తము. పూరన్‌మల్ సూత్రమును, గంజాయి సంచిని ఒకేచోట పెట్టి చూడవలెను. ఆదాయపు పన్ను అధికారి బీరువా పగులగొట్టి ఒక లెక్కల పుస్తకము తెచ్చినాడనుకొందము. తెచ్చిన పద్ధతి తప్పు. అయినను ఆ పుస్తకము తనకు తానే మాటలాడును. అందులోని దస్తూరి షావుకారిది, అంకెలు షావుకారివి. ఎవరు తెచ్చిరను దానితో వానికి పని లేదు. గంజాయి పొట్లము అట్లు కాదు. దానికి దస్తూరి లేదు, పేరు లేదు. అది ఈ యువకుని సంచిలో ఉండెనా, రోడ్డు ప్రక్క పొదలో ఉండెనా, జీపులోనే ఉండెనా యని చెప్పగలవాడు ఒక్కడే. నియమములను త్రోసిపుచ్చిన ఆ ఉద్యోగియే. నియమములు పాటించి యున్నచో మరి ఇద్దరు చెప్పగలిగియుందురు, ఒక కాగితము చెప్పగలిగియుండును. కురుమ వ్యాజ్యములో మనము మనసున నుంచుకొన్న ప్రశ్న ఇదియే. తూటాలు నిజమే. అవి ఆ సైకిలువానివా అనునదే సందేహము. రోడ్డుమీది సోదాలో నియమము అలంకారము కాదు, రుజువులో సగభాగము.

ఈ విషయమును సుప్రీముకోర్టు 1999లో బల్దేవ్‌సింగు వ్యాజ్యములో గ్రహించినది. మాదకద్రవ్యముల చట్టము 50వ సెక్షనులో ఒక రక్షణ కలదు. మనిషిని సోదా చేయబోవు ముందు, గెజిటెడ్ అధికారి యెదుటనో మేజిస్ట్రేటు యెదుటనో సోదా జరుపుమని కోరు హక్కు నీకు కలదని అతనికి చెప్పవలెను. చెప్పనిచో? అయిదుగురు న్యాయమూర్తులు ఇట్లు నిర్ణయించిరి: విచారణ మొత్తము చెడదు గాని, అట్టి సోదాలో దొరికిన సరకును ఆ మనిషి అక్రమముగా కలిగియుండెననుటకు సాక్ష్యముగా వాడరాదు. పూరన్‌మల్ తీర్పు దీనికి అడ్డు రాదనియు వారే విడమరచిరి. 2010లో మరియొక రాజ్యాంగ ధర్మాసనము, హక్కును చెప్పుట తూతూమంత్రము కారాదు, ఖచ్చితముగా జరుగవలెనని స్థిరపరచినది. 2014లో, ఇద్దరిని పట్టుకొన్నచో ఇద్దరికి వేర్వేరుగా చెప్పవలెనన్నారు.

ఇంతవరకు బాగుగనే యున్నది. కాని ఈ రక్షణ మనిషి ఒంటికే గాని చేతిసంచికి లేదని 2005లో తీర్పు వచ్చినది. సంచి శరీరములో భాగము కాదు గదా యని తర్కము. తర్కము సరియే. అయితే పది కిలోల గంజాయిని ఎవడు ఒంటికి చుట్టుకొని తిరుగును? రోడ్డుమీద పట్టుబడు సరకులో పెద్దభాగము సంచులలోను, కార్ల డిక్కీలలోను, లారీల క్రింద చేసిన రహస్యపు అరలలోను ఉండును. రక్షణ యున్నచోట సరకు లేదు, సరకున్నచోట రక్షణ లేదు.

సంచులకు, బండ్లకు వర్తించునవి 42, 43 సెక్షనులు. ఇవి చదువుటకు చిక్కుగా నుండును గాని, ఫలితము మాత్రము బస్సెక్కు ప్రతివానికి సంబంధించినది. బహిరంగ స్థలములోను, ప్రజల రవాణా బండిలోను సోదాకు 43వ సెక్షను చాలును. ముందుగా కారణములు వ్రాయ నక్కరలేదు. సొంత బండియైనచో 42వ సెక్షను పట్టును. అందిన సమాచారమును వ్రాసికొనవలెను, 72 గంటలలో దాని నకలును పై అధికారికి పంపవలెను, సూర్యాస్తమయము మొదలు సూర్యోదయము దాక వారంటు లేకుండ వెదకవలెనన్నచో దానికి కారణమును కూడ వ్రాయవలెను. కొంత ఆలస్యమైనను క్షమింపవచ్చును గాని బొత్తిగా చేయకుండుట చెల్లదని 2009లో రాజ్యాంగ ధర్మాసనము పలికినది. 2021లో హర్యానానుండి వచ్చిన బూటాసింగు వ్యాజ్యములో ఒక జీపు రోడ్డుపైనే యుండెను. అందులో గసగసాల పొట్టు సంచులు దొరకెను. రోడ్డు బహిరంగ స్థలమే గాని జీపు సొంతది, అది ప్రజల బండి కాదు, కావున 42వ సెక్షను తప్పదు, దానిని ఏమాత్రమును పాటింపలేదు అని కోర్టు ముద్దాయిలను విడిచిపెట్టినది.

దీని ఫలితమును గమనింపుడు. రంపచోడవరమునుండి ఆర్టీసీ బస్సులో సంచితో దిగివచ్చు కూలివానికి ఒక న్యాయము, అదే దారిన సొంత కారులో వచ్చువానికి మరియొక న్యాయము. కారున్నవాని డిక్కీకి చట్టము వేసిన తలుపు బలమైనది. బస్సువాని మూటకు తలుపే లేదు. న్యాయమూర్తులు దీనిని కోరి చేయలేదు, శాసనము అట్లున్నది. కాని మన్యపు దారులలో మూట మోయువాడు తరచుగా ఎవడో సరకు యజమాని ఇచ్చు కొద్దిపాటి కూలికి ఒప్పుకొన్నవాడన్న సంగతి మరువరాదు. పట్టుబడువాడు అతడే, ఏండ్లు గడపువాడును అతడే.

ఎదుటి పక్షము కూడ చిన్నది కాదు. సరకు నిజముగా నున్నది, మోసినవాడు నిజముగా మోసినాడు, ఒక కాగితము వ్రాయనందున వాడు నవ్వుకొనుచు ఇంటికి పోయినాడనిన, ఆ సరకు త్రాగి చెడిన బిడ్డ తల్లికి మనమేమి చెప్పగలము? కాకినాడ కళాశాలల వీధులలో ఇట్టి తల్లులు లేరనగలమా? పోలీసు తప్పునకు పోలీసును శిక్షింపుడు, దొంగను విడువవలదు అన్న వాదము వినుటకు న్యాయముగనే యున్నది. అందులో ఒక్కటే లోపము. అక్రమ సోదా చేసినందుకు జీతము కోత పడిన ఉద్యోగిని చూపుమనిన చూపగలవారు అరుదు. సోదాలో ఏమియు దొరకనివాడు బట్టలు దులుపుకొని పోవును, ఫిర్యాదు చేయడు. దొరికినవాని ఫిర్యాదును ఎవరును వినరు. అందువలన సాక్ష్యమును కాదనుట తప్ప కోర్టు చేతిలో వేరొక సాధనము నిజముగా లేదు. మేము ఆ పక్షమున కొంత మొగ్గుచున్నాము. అయితే అమెరికావారివలె అన్నిటికి ఒకే కొలతగా కాదు. పత్రము, దస్తూరి, వ్రేలిముద్ర వంటి స్వయముగా పలుకు సాక్ష్యమునకు పూరన్‌మల్ సూత్రము చాలును. పట్టుకొన్నవాని మాటపైననే నిలుచు సాక్ష్యమునకు చాలదు.

భయపడినాడు గనుక అనుమానించితిమని పోలీసువారు తరచుగా చెప్పు మాట యొకటి. గుమ్మడికాయల దొంగ యనిన భుజములు తడుముకొనినాడని వారి భావము. కాని పోలీసు కంచె చూచి బెదరని సామాన్యుడు మన జిల్లాలలో ఎందరు? లైసెన్సు ఇంట మరచినవాడు బెదరును, హెల్మెట్ లేనివాడు బెదరును, ఏ తప్పును చేయనివాడును బెదరును.

పట్టుబడినవాని నోటి మాటను గూర్చి మాత్రము మన చట్టము మొదటినుండియు కఠినముగా నున్నది. పోలీసులయెదుట ఒప్పుకొన్న నేరము చెల్లదు. ఆ మాటవలన ఒక వస్తువు బయటపడినచో ఆ వస్తువుకు సంబంధించినంత భాగమే చెల్లును. ఆ భాగము ఎంతయో కొలిచి చూపిన ప్రీవీ కౌన్సిలు తీర్పు మన తెలుగు నేలదే. గుంటూరు సెషన్సు కోర్టునుండి పోయిన పులుకూరి కోటయ్య వ్యాజ్యము అది. 1947 నాటి రిపోర్టులలో నున్నది. ఈటెను దాచినచోటు చూపుదునన్న మాట చెల్లును, దానితో పొడిచితినన్న మాట చెల్లదు. నేటికిని దేశమందలి క్రిమినలు కోర్టులలో కోటయ్య పేరు వినబడుచునే యున్నది. మాదకద్రవ్యముల అధికారులయెదుట చేసిన ఒప్పుకోలును గూడ 2020లో సుప్రీముకోర్టు ఈ త్రాసులోనే వేసి త్రోసివేసినది.

ఇక ఈ తగవు క్రింద మరియొక పెద్ద తగవు కలదు. మనిషికి తన సంచిపై, తన ఇంటిపై, తన ఒంటిపై రాజ్యాంగము గుర్తించిన ఏకాంతపు హక్కు కలదా? 1954లో ఎం.పి. శర్మ వ్యాజ్యములో ఎనమండుగురు న్యాయమూర్తులు అట్టి హక్కు మన రాజ్యాంగములో వ్రాయబడలేదనిరి. 1962 డిసెంబరులో ఖరక్‌సింగు వ్యాజ్యము వచ్చినది. అనుమానితుని ఇంటికి అర్ధరాత్రి పోలీసులు పోయి తలుపు తట్టవచ్చునా అనునది ప్రశ్న. తలుపు తట్టుట చెల్లదని అందరును అంగీకరించిరి గాని, అతని రాకపోకలను వెన్నాడుట మాత్రము తప్పు కాదని అధిక సంఖ్యాకులు తలచిరి. న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు, జస్టిస్ షా గారితో కూడి, దానికి ఒప్పుకొనలేదు. నీడవలె పోలీసు వెంటనున్నవాడు రోడ్డుమీద నడచినను స్వేచ్ఛగా నడచినట్లు కాదని వారి తాత్పర్యము. సుబ్బారావు గారు 1902లో రాజమహేంద్రవరమున జన్మించినవారు. తరువాత భారత ప్రధాన న్యాయమూర్తి యైరి. గోదావరి ఒడ్డున పుట్టిన ఆ భిన్నాభిప్రాయము అయిదు దశాబ్దములకు పైగా వేచియుండి, 2017 ఆగస్టు 24న పుట్టస్వామి వ్యాజ్యములో తొమ్మండుగురు న్యాయమూర్తుల నోట దేశపు శాసనమైనది. ఆ తొమ్మండుగురిలో కృష్ణాజిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ గారొకరు.

హక్కు స్థిరపడినది గనుక, హక్కును భంగపరచి తెచ్చిన సాక్ష్యము తానే కూలిపోవునని చాలమంది ఎదురుచూచిరి. అట్లు జరుగలేదు. 2021 అక్టోబరులో హైదరాబాదు రోడ్లపై పోలీసులు మోటారుసైకిళ్ళ నాపి, యువకుల టెలిఫోనులు తీసికొని, వాట్సాపులో గంజాయి వంటి మాటలను వెదకుచున్న దృశ్యములు దేశమంతట ప్రచారమైనవి. లైసెన్సు చూపుమని ఆపినవాడు స్నేహితుల ఉత్తరములు చదువవచ్చునా యని అప్పుడు పలువురు అడిగిరి. టెలిఫోను నేడు సంచికంటె పెద్దది. అందులో భార్యతో మాటలు, బ్యాంకు లెక్కలు, వైద్యుని చీట్లు అన్నియు నుండును. అట్లు దొరికిన సాక్ష్యమును గూర్చి కోర్టులు ఇంకను ఒక నిలుకడకు రాలేదు. రహస్యముగా రికార్డు చేసిన మాటలను గూర్చి మన హైకోర్టు 2008లో రిపోర్టయిన ఒక దంపతుల వ్యాజ్యములో, భార్యకు తెలియకుండ భర్త చేసిన రికార్డు చెల్లదన్నది. 2025 జూలైలో సుప్రీముకోర్టు దంపతుల మధ్య వ్యాజ్యములలో అట్టి రికార్డు చెల్లునన్నది. సంబంధమున్న సాక్ష్యము చెల్లునన్న పాత సూత్రము ఏకాంతపు హక్కునుగూడ దాటి నిలుచుచున్నదన్నమాట.

శాసనము ద్వారా ఒక దారి వేయుటకు ప్రయత్నము జరుగకపోలేదు. 1983లో జస్టిస్ కె.కె. మాథ్యూ గారి అధ్యక్షతన నుండిన లా కమిషను తన 94వ నివేదికను కేవలము ఈ ప్రశ్నకే అంకితము చేసినది. సాక్ష్యచట్టములో 166-ఏ అను క్రొత్త సెక్షను చేర్చుమని సూచించినది. అక్రమముగా దొరికిన సాక్ష్యమును తప్పక స్వీకరింపవలెననియు కాదు, తప్పక త్రోసివేయవలెననియు కాదు; తప్పు ఎంత పెద్దది, కావలెనని చేసినదా, నేరము ఎంత తీవ్రమైనది అని తూచి, దాని స్వీకారము న్యాయపరిపాలనకు మచ్చ తెచ్చునని తోచినచో న్యాయమూర్తి నిరాకరింపవచ్చును. మాకు ఈ సూచన వివేకవంతముగా తోచినది. నలువది సంవత్సరములు అది బీరువాలో నుండెను. 2024 జూలై 1నుండి పాత సాక్ష్యచట్టము పోయి భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినది. సెక్షనుల అంకెలు మారినవి. ఆ సూచన మాత్రము క్రొత్త చట్టములోనికిని రాలేదు.

అదే దినమున అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో మాత్రము ఒక క్రొత్త సంగతి కలదు. 105వ సెక్షను ప్రకారము సోదాను, వస్తువులు పట్టుకొనుటను, జాబితా వ్రాసి సాక్షులచేత సంతకము చేయించుటతో సహా, శబ్దముతో కూడిన వీడియోగా తీయవలెను. అందుకు సెల్‌ఫోను చాలును. ఆలస్యము లేకుండ దానిని మేజిస్ట్రేటునకు పంపవలెను. రాత్రి రెండుగంటలకు పెద్దమనుష్యులు దొరకరన్న పాత మొరకు ఇది కొంత జవాబు. సంచి ఎవరి భుజముననుండి దిగినదో, ముడి ఎవరు విప్పినారో ఇకమీద బొమ్మ చూపగలదు. యానాము రోడ్డుపైనను తునివద్దను బండి ఆగినవారు ఈ సెక్షను పేరు మర్యాదగా ఎత్తినచో తప్పు లేదు. వీడియో తీయనిచో దొరికిన వస్తువు గతి యేమగునో ఆ సెక్షనులో వ్రాయబడలేదు.